స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది, “ఒకసారి వచ్చి కనబడి పో” అన్నారు. వెళ్ళాలా? మన హక్కులు ఏమిటి?

మున్నేటి_ఒడ్డు రాశారు:

అందరికీ నమస్కారం. మా తమ్ముడు మండల కేంద్రంలో ఒక సెల్‌ఫోన్ల షాపులో పని చేస్తాడు. పోయిన వారం రాత్రిపూట షట్టర్ తాళం పగలగొట్టి ఆ షాపులో దొంగతనం చేశారు. ఓనర్ కంప్లయింట్ ఇచ్చాడు, ఎఫ్ఐఆర్ కూడా అయిందట. నిన్న సాయంత్రం ఒక కానిస్టేబుల్ తమ్ముడికి ఫోన్ చేసి “ఎస్సై గారు రమ్మంటున్నారు, రేపు పొద్దున వచ్చి కనబడి పో” అన్నాడు. ఎందుకని అడిగితే “వస్తే తెలుస్తది” అని పెట్టేశాడు.

అమ్మ రాత్రి నుంచి అన్నం ముట్టలేదు. మా మామయ్యేమో సర్పంచ్‌తో ఒక మాట చెప్పిస్తే సరిపోతుంది అంటున్నాడు. షాపులో తోటి కుర్రాడు “రెండు రోజులు ఊరు దాటి పోరా, సద్దుమణుగుతుంది” అంటున్నాడు. ఫోన్ చేస్తే వెళ్ళి తీరాలా? వెంట ఎవరినైనా తీసుకెళ్ళనిస్తారా? అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పాలా? తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

వకీల్_హనుమకొండ రాశారు:

ముందు అమ్మగారికి ధైర్యం చెప్పండి. షాపులో దొంగతనం జరిగితే అక్కడ పనిచేసే వాళ్ళందరినీ అడగడం దర్యాప్తులో మామూలే. పిలిచారు కాబట్టి అరెస్టే అని కాదు.

ఊరు దాటి పొమ్మన్న సలహా మాత్రం వద్దే వద్దు. ఇప్పటిదాకా మీ తమ్ముడి మీద ఏమీ లేకపోయినా, ఫోన్ ఆపేసి కనపడకుండా పోతే “పరారీలో ఉన్నాడు” అని రాసుకుంటారు. అరెస్టుకు కారణం మనమే చేతికి ఇచ్చినట్టవుతుంది.

రానని చెప్పకండి. కాగితం ఇవ్వండి, వస్తాను అనండి. ఈ రెండు మాటల మధ్యే మొత్తం తేడా ఉంది.

2024 జూలై 1 నుంచి పాత సీఆర్‌పీసీ, అంటే పోలీసులు, కోర్టులు క్రిమినల్ కేసుల్లో పాటించాల్సిన పద్ధతుల చట్టం, పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే బీఎన్‌ఎస్‌ఎస్ వచ్చింది. పోలీసులు మనిషిని పిలవడానికి అందులో ముఖ్యంగా రెండు దారులు ఉన్నాయి. ఒకటి సెక్షన్ 179. పాతదాంట్లో 160 అనేవాళ్ళం. కేసు సంగతులు తెలిసి ఉండవచ్చు అనుకున్న మనిషిని, అంటే సాక్షిని, పిలవడానికి అది. దర్యాప్తు అధికారి రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. అదీ తన స్టేషన్ పరిధిలోనో, దాన్ని ఆనుకుని ఉన్న స్టేషన్ పరిధిలోనో ఉన్నవాళ్ళకే. రెండోది సెక్షన్ 35(3), కోర్టుల చుట్టూ ఇంకా అందరూ పాత సెక్షన్ నంబరుతో 41ఏ నోటీసు అనే అంటారు. మీ మీద అనుమానమో ఆరోపణో ఉంది, కానీ అరెస్టు అవసరం లేదు అనుకున్నప్పుడు ఇచ్చేది. ఆ నోటీసు ప్రకారం హాజరవుతూ ఉన్నంత కాలం మిమ్మల్ని అరెస్టు చేయకూడదు. చేయాల్సి వస్తే కారణాలు రికార్డు చేయాలి. నోటీసు తీసుకుని కూడా వెళ్ళకపోతే ఆ రక్షణ పోతుంది.

అందుకే మొదటి ప్రశ్న: “ఏ క్రైమ్ నంబరులో, ఏ సెక్షన్ కింద పిలుస్తున్నారు సార్?” సాక్షిగా పిలుస్తున్నారా, అనుమానితుడిగా పిలుస్తున్నారా అన్నది తేలకుండా లోపలికి వెళ్తే మీ తమ్ముడికి ఏ హక్కు వర్తిస్తుందో అతనికే తెలియదు.

వాట్సాప్‌లో నోటీసు ఫొటో పెడితే అది చాలదు. సతేందర్ కుమార్ అంతిల్ కేసులో 2025 జనవరి 21న సుప్రీంకోర్టు ఈ నోటీసులను వాట్సాప్‌లోనో, మరో ఎలక్ట్రానిక్ పద్ధతిలోనో ఇవ్వకూడదని, చట్టంలో చెప్పిన పద్ధతిలోనే అందజేయాలని చెప్పింది. 179 నోటీసుల గురించి కూడా ఆ ఉత్తర్వులో ఉంది.

సర్పంచ్ గారిని వెంట తీసుకెళ్ళండి, తప్పులేదు. కానీ “మా వాడు మంచోడు, చూడండి సార్” అని సిఫారసు చేయించవద్దు. ఏమీ చేయని మనిషి సిఫారసుతో వస్తే అదే అనుమానంగా మారుతుంది.

సీమ_గాలి రాశారు:

మేడమ్, మీరు చెప్పింది పుస్తకంలో ఉంది. మా ఊళ్ళో స్టేషన్‌కు పోయి “ఏ సెక్షన్ కింద పిలిచారు” అని అడిగితే మొదటి జవాబు చెంప మీద పడుతుంది. “ఏం రా, లాయర్ చదివినావా?” అంటారు. పేదోడికి, పెద్దగా చదువుకోని వాడికి ఈ హక్కులు ఏం పనికొస్తాయి? నిజంగా అడుగుతున్నా.

మర్రిచెట్టు_మాస్టారు రాశారు:

సీమ_గాలి గారి మాటను తోసేయలేం. 2023లో మెదక్‌లో గొలుసు దొంగతనం అనుమానంతో పట్టుకెళ్ళిన ఒక కూలీ మనిషి సంగతి పేపర్లలో చదివాం. జనవరి చివర్లో తీసుకెళ్ళారు, ఫిబ్రవరిలో గాంధీ ఆసుపత్రిలో చనిపోయాడు. పోలీసులు కొట్టారని చనిపోయే ముందు అతనే వీడియోలో చెప్పాడు. హైకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది. 2021లో అడ్డగూడూరు స్టేషన్‌లో ఒక దళిత మహిళ చనిపోయింది. అదీ దొంగతనం అనుమానమే. ఇద్దరూ పేదలే. విచారణకని తీసుకెళ్ళిన మనుషులే.

అయితే ఇంకో పక్క కూడా చూడాలి. 1994లో జోగిందర్ కుమార్ అనే 28 ఏళ్ళ కుర్ర లాయరును “కొంచెం విచారణ ఉంది” అని ఘాజియాబాద్ ఎస్‌ఎస్‌పీ ఆఫీసుకు పిలిచి రోజుల తరబడి పంపలేదు. అతని వాళ్ళు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. అరెస్టు చేసే అధికారం ఉండటం వేరు, ఆ అరెస్టు ఎందుకు అవసరమో చూపించగలగడం వేరు అని కోర్టు చెప్పింది ఆ కేసులోనే. పట్టుకున్న మనిషి కోరితే బంధువుకో, స్నేహితుడికో కబురు చెప్పాలన్నది కూడా అక్కడే వచ్చింది. ఆ రోజు ఇంట్లో వాళ్ళు గమ్మున కూర్చుని ఉంటే ఆ తీర్పు లేదు.

హక్కు ఉంది కాబట్టి దెబ్బ పడదు అని నేను అనను. బయట ఉన్న మనుషులు ఆ హక్కు తెలిసినవాళ్ళైతే దెబ్బ పడే అవకాశం తగ్గుతుంది. లోపలున్నవాడు సెక్షన్లు చదవక్కరలేదు. గేటు దగ్గర నిలబడ్డ అక్క, అన్న, మామ, వీళ్ళకు తెలియాలి.

పాత_రైటర్ రాశారు:

నేను ఆంధ్రాలో హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ కాలం స్టేషన్ రైటర్‌గా, అంటే స్టేషన్‌లో రాతపని చూసేవాడిగా, పనిచేశాను. రెండు వైపులా న్యాయంగా చెప్తాను.

ఫోన్ చేసి పిలవడం అన్ని చోట్లా జరుగుతుంది. ఒక్కో ఎస్సై చేతిలో పదుల కొద్దీ కేసులు, బందోబస్తులు, కోర్టు డ్యూటీలు. నోటీసు టైపు చేసి, సంతకం చేయించి, మనిషిని పంపే తీరిక లేక ఫోన్ కొడతారు. దురుద్దేశం లేకపోయినా పద్ధతి తప్పే. ఎందుకంటే ఫోన్ మీద వచ్చిన మనిషి ఎన్నింటికి వచ్చాడు, ఎన్నింటికి పోయాడు అన్నది ఎక్కడా ఉండదు. స్టేషన్‌లో రోజూ జరిగేవి రాసే జనరల్ డైరీలో ఎక్కదు. తర్వాత ఏదైనా జరిగితే “అతను మా స్టేషన్‌కే రాలేదు” అనడానికి వీలుంటుంది. కాగితం అడగమని మేడమ్ చెప్పేది అందుకే. ఆ కాగితం మీ తమ్ముడు అక్కడికి వెళ్ళాడు అనడానికి సాక్ష్యం.

అడిగే తీరు ముఖ్యం. సెక్షన్ నంబర్లు అప్పజెప్పినట్టు చెప్తే ఎదుటివాడికి అహం పొడుచుకొస్తుంది. “సార్, తప్పకుండా వస్తాం, షాపు ఓనర్‌కు చూపించి సెలవు పెట్టుకోవాలి, ఒక నోటీసు ఇప్పించండి” అనండి. చాలామంది ఇచ్చేస్తారు. ఇవ్వకపోయినా వెళ్ళే ముందు “ఫలానా కానిస్టేబుల్ గారు ఈ నంబరు నుంచి ఈ టైముకు పిలిచారు, వస్తున్నాను” అని ఆ నంబరుకే మెసేజ్ పెట్టి వెళ్ళండి. ఇంట్లో వాళ్ళకూ అదే మెసేజ్ పంపండి. ఒంటరిగా వెళ్ళవద్దు. రాత్రి పిలిస్తే పొద్దున వస్తామని మర్యాదగా చెప్పండి.

ఇంకోటి, ఇది చాలామందికి తెలియదు. సాక్షి చెప్పింది పోలీసులు రాసుకుంటారు కదా, దాని మీద సంతకం పెట్టించకూడదు. పాత చట్టంలో 162, ఇప్పుడు 181, స్పష్టంగా ఉంది. అందుకని “చెప్పింది రాశాంలే, ఇక్కడ సంతకం పెట్టు” అంటే అది ఏ కాగితమో చదవండి. తెల్లకాగితం మీద సంతకం ఎవరడిగినా పెట్టవద్దు. మా డిపార్టుమెంటులో కన్ఫెషన్ కమ్ సీజర్ పంచనామా అని ఒకటి ఉంది. ఇద్దరు మధ్యవర్తులను కూర్చోబెట్టి “నేనే చేశాను, సొత్తు ఫలానా చోట దాచాను” అని రాసి సంతకం తీసుకుంటారు. తెల్లకాగితాలు చివరకు అలాంటి వాటిల్లోకే పోతాయి.

వకీల్_హనుమకొండ రాశారు:

పాత_రైటర్ గారూ, ధన్యవాదాలు. మీలాంటి వారు చెప్తేనే జనం నమ్ముతారు.

ఆ పంచనామా గురించి ఒక్క మాట కలుపుతాను. పోలీసు అధికారి ముందు ఒప్పుకున్న నేరాన్ని కోర్టులో నిందితుడికి వ్యతిరేకంగా రుజువు చేయడానికి వీల్లేదు. పాత సాక్ష్య చట్టంలో 25, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 23. కానీ ఆ మాటల వల్ల ఒక వస్తువు దొరికితే, దొరకడానికి దారితీసిన ఆ ముక్క వరకు సాక్ష్యంగా తీసుకుంటారు. “ఒప్పుకున్నా కోర్టులో చెల్లదులే, ఇప్పుడు సంతకం పెట్టేసి బయటపడు” అని నచ్చజెప్పేవాళ్ళు ఉంటారు. వినకండి. ఆ ముక్క పట్టుకునే కేసు నడుపుతారు.

జవాబులు చెప్పాలా అన్న ప్రశ్నకు: సాక్షిగా పిలిస్తే, కేసుకు సంబంధించిన ప్రశ్నలకు నిజం చెప్పాలి. అది బాధ్యత. కానీ ఏ జవాబు చెబితే నేరారోపణ మీ మీదకే వచ్చే అవకాశం ఉందో, ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన పని లేదు. సెక్షన్ 180లోనే ఉంది. రాజ్యాంగంలో 20(3) కూడా అదే. మౌనంగా ఉండే హక్కు ఉంది, అబద్ధం చెప్పే హక్కు లేదు. మా దగ్గరకు వచ్చే కేసుల్లో సగం చిక్కులు భయంతో చెప్పిన చిన్న అబద్ధాల వల్లే. ఆ రాత్రి స్నేహితుడి గదిలో ఉన్నవాడు ఇంట్లో తిడతారని “ఇంట్లోనే ఉన్నాను” అంటాడు. ఫోన్ టవర్ లొకేషన్ ఇంకోటి చూపిస్తుంది. అక్కడితో అతనే అనుమానితుడు. తెలియంది తెలియదనండి, గుర్తులేనిది గుర్తులేదనండి.

ఇంకొక జాగ్రత్త. ఏడేళ్ళలోపు శిక్ష ఉన్న నేరమైతే తేలిగ్గా అరెస్టు చేయకూడదని 2014లో అర్నేష్ కుమార్ తీర్పు వచ్చింది, నిజమే. మామూలు దొంగతనానికి మూడేళ్ళు. కానీ రాత్రిపూట తాళం పగలగొట్టి లోపలికి వెళ్ళి దొంగతనం చేయడం వేరే నేరం, ఐపీసీ స్థానంలో వచ్చిన కొత్త భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్‌ఎస్, 331(4). దానికి 14 ఏళ్ళ వరకు పడవచ్చు. కాబట్టి “41ఏ నోటీసు ఇచ్చి పంపించేస్తారులే” అనే ధీమా ఈ కేసులో వద్దు. ఎఫ్ఐఆర్ కాపీ చూడండి. చాలా ఎఫ్ఐఆర్‌లు పోలీసు వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. అందులో తమ్ముడి పేరు అనుమానితుడిగా ఉంటే స్టేషన్‌కు వెళ్ళే ముందే లాయరుతో కూర్చుని సెషన్స్ కోర్టులో ముందస్తు బెయిలు, సెక్షన్ 482, గురించి మాట్లాడండి. పేరు లేకపోతే సాక్షిగానే వెళ్ళవచ్చు.

సీమ_గాలి గారూ, మీరు అడిగింది సరైన ప్రశ్న. 2022 జూన్‌లో తెలంగాణ హైకోర్టు, 41ఏ విషయంలో సుప్రీంకోర్టు చెప్పింది పాటించలేదని హైదరాబాద్‌లో నలుగురు పోలీసు అధికారులకు కోర్టు ధిక్కారం కింద 4 వారాల జైలు విధించింది. అప్పీలుకు వీలుగా అమలును నిలిపి ఉంచిందనుకోండి. అయినా ఆ తర్వాత నోటీసు కాగితాలు ఇవ్వడం పెరిగింది, మేము రోజూ చూస్తున్నాం. హక్కు వాడితేనే బతుకుతుంది.

సిరిమల్లె రాశారు:

ఆడవాళ్ళ సంగతి కూడా చెప్పండి అక్కా. మా పక్కింట్లో చిట్టీల గొడవ. చిట్టీ నడిపినామె పారిపోయింది. ఆమె వదినను, పాపం ఆమెకు ఏ సంబంధం లేదు, “స్టేషన్‌కు రా” అని రోజూ పిలిచి సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోబెడుతున్నారు. ఆమెకు షుగర్ కూడా ఉంది.

మర్రిచెట్టు_మాస్టారు రాశారు:

సిరిమల్లె గారూ, ఇది దేశంలో చాలా పెద్ద కేసులోనే తేలిన విషయం. నందినీ సత్పతి ఒడిశా ముఖ్యమంత్రిగా చేశారు. 1977లో ఆమెను కటక్‌లో విజిలెన్స్ పోలీసు స్టేషన్‌కు పిలిచి, రాసిపెట్టుకున్న పెద్ద ప్రశ్నల జాబితా ఇచ్చారు. ఆమె జవాబు చెప్పనన్నారు. జవాబు చెప్పనందుకు ఆమె మీదే కేసు పెట్టారు. 1978లో జస్టిస్ కృష్ణయ్యర్ ఇచ్చిన తీర్పులో, కోర్టులోనే కాదు, పోలీసుల ముందు కూడా మౌనంగా ఉండే హక్కు వర్తిస్తుందని చెప్పారు. ఇప్పుడు విచారణలో ఉన్న కేసు ఒక్కటే కాదు, జవాబు వల్ల మరే కేసులోనైనా ఇరుక్కునే ప్రమాదం ఉన్నా ఆ హక్కు ఉంటుందన్నారు. ఒక మహిళను స్టేషన్‌కు రప్పించడం చట్ట ఉల్లంఘన అని కూడా గట్టిగానే అన్నారు. మాజీ ముఖ్యమంత్రికే అలా జరిగిందంటే చిట్టీ కట్టిన ఆడమనిషి పరిస్థితి ఊహించవచ్చు. కానీ ఆ తీర్పు ఇద్దరికీ ఒకటే.

వకీల్_హనుమకొండ రాశారు:

సాక్షిగా ఆడవాళ్ళను స్టేషన్‌కు పిలవడానికి వీల్లేదు. వాళ్ళుండే చోటికి వచ్చి అడగాలి. 15 ఏళ్ళలోపు పిల్లలకు, 60 దాటిన మగవాళ్ళకు, దివ్యాంగులకు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్ళకు కూడా అంతే. పాత చట్టంలో 65 ఏళ్ళు ఉండేది, కొత్తదాంట్లో 60 చేశారు. ఊళ్ళో పెద్దవాళ్ళను పిలిచినప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి. వాళ్ళంతట వాళ్ళు వస్తామంటే రావచ్చు, బలవంతం ఉండకూడదు.

అరెస్టు సంగతైతే, సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు మహిళను అరెస్టు చేయకూడదు. తప్పని పరిస్థితి అయితే మహిళా అధికారి రాతపూర్వకంగా రిపోర్టు ఇచ్చి మేజిస్ట్రేట్ అనుమతి ముందుగా తీసుకోవాలి.

మీ పక్కింటామె విషయంలో చేయవలసింది: కేసు నంబరు అడగండి. చాలాసార్లు అక్కడ కేసే ఉండదు, డబ్బు పోయినవాళ్ళు ఒత్తిడి పెడితే కూర్చోబెడుతుంటారు. ఎవరి అప్పుకో వదినను కూర్చోబెట్టే సెక్షన్ ఏ చట్టంలోనూ లేదు. చెక్ బౌన్స్ కూడా అంతే. అది కోర్టులో వేసుకునే కంప్లయింట్, స్టేషన్‌లో తేల్చేది కాదు. ఎస్పీ ఆఫీసులో రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. ఆగకపోతే హైకోర్టులో రిట్ వేయవచ్చు. ఉచిత లాయరు కావాలంటే 15100కు ఫోన్ చేయండి, న్యాయసేవాధికార సంస్థ నంబరు. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్ళకు ఆదాయం ఎంతన్నది చూడకుండానే లాయరును ఇస్తారు.

మున్నేటి_ఒడ్డు రాశారు:

అందరికీ ధన్యవాదాలు. తమ్ముడు, మామయ్య, నేను ముగ్గురం వెళ్ళొచ్చాం. రైటర్ గారు చెప్పినట్టే మర్యాదగా అడిగితే 179 నోటీసు చేతికిచ్చారు. ఎఫ్ఐఆర్‌లో పేరు లేదని ముందే చూసుకున్నాం. షాపు తాళాలు ఎవరి దగ్గర ఉంటాయి, సీసీ కెమెరా ఎప్పటి నుంచి పనిచేయడం లేదు, ఇవే అడిగారు. ఎస్సై గారు బాగానే మాట్లాడారు. కానీ మధ్యలో ఒక కానిస్టేబుల్ “ఫోన్ ఇటివ్వు, లాక్ తీసి ఇవ్వు” అన్నాడు. తమ్ముడు నా వైపు చూశాడు. “రసీదు ఇస్తారా సార్” అని అడిగాను. సరే ఉంచుకోండి అన్నారు. ఇచ్చి ఉండాల్సిందా? ఇవ్వకపోవడం తప్పా?

కొండాపూర్_కుర్రాడు రాశారు:

నాకూ ఇదే డౌట్. 2021 అక్టోబరులో హైదరాబాద్‌లో రోడ్డు మీద బైకులు ఆపి, కుర్రాళ్ళ ఫోన్లు తీసుకుని వాట్సాప్‌లో గంజాయి అనే మాట వెతికిన వీడియో బయటికి వచ్చింది, గుర్తుందా? అప్పటి నుంచి నాకు చెకింగ్ కనిపిస్తే గుండె దడ. నా ఫోన్‌లో ఆఫీసు మెయిల్స్, అమ్మ మెడికల్ రిపోర్టులు, అన్నీ ఉంటాయి.

వకీల్_హనుమకొండ రాశారు:

రోడ్డు మీద ఏ కేసూ లేకుండా ఫోన్ తెరిచి చూపించమనడానికి చట్టంలో ఆధారం లేదు. 2017 నుంచి వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు. మర్యాదగా “కేసు ఏదైనా ఉందా సార్, ఉంటే నోటీసు ఇవ్వండి” అని అడగవచ్చు.

కేసు ఉన్నప్పుడు పరిస్థితి వేరు. సెక్షన్ 94 కింద రాతపూర్వక ఉత్తర్వుతో డాక్యుమెంట్లు, ఫోన్లలాంటి పరికరాలు తెమ్మనవచ్చు. స్వాధీనం చేసుకోవచ్చు కూడా. అలా చేస్తే పంచనామా రాయాలి. కొత్త చట్టంలో సెక్షన్ 105 ప్రకారం సోదా, స్వాధీనం మొత్తాన్ని వీడియో తీయాలి. మోడల్, ఐఎంఈఐ నంబరు పంచనామాలో ఉన్నాయో లేదో చూసుకోండి. పాస్‌వర్డ్ చెప్పమని బలవంతం చేయవచ్చా అన్నదాని మీద కోర్టులు ఒకే మాట చెప్పడం లేదు. అందుకని ఎవరైనా పాస్‌వర్డ్ అడిగితే “లాయరుతో మాట్లాడి చెప్తాను” అన్నదే సరైన జవాబు. మీ తమ్ముడు చేసింది తప్పు కాదు.

లై డిటెక్టర్, నార్కో పరీక్షలంటూ భయపెడితే, మనిషి ఒప్పుకోకుండా చేయకూడదని 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది.

డెట్రాయిట్_మామిడి రాశారు:

ఇక్కడ అమెరికాలో చదువుకునే పిల్లల కోసం ఒక మాట రాయాలనిపించింది. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ సంగతి చూశాం. అది అమెరికా ప్రభుత్వ అధికారులే నడిపిన నకిలీ యూనివర్సిటీ. పట్టుబడిన విద్యార్థుల్లో తెలుగు పిల్లలు చాలామంది. భయంలో ఏ కాగితం ఇస్తే ఆ కాగితం మీద సంతకాలు పెడితే ఏమవుతుందో ఇక్కడి తెలుగువాళ్ళందరికీ అప్పుడు బాగా తెలిసొచ్చింది.

ఇక్కడ పోలీసు ఆపితే “నేను వెళ్ళవచ్చా?” అని అడగండి. వెళ్ళవచ్చంటే వెళ్ళిపోండి. ఆపి ఉంచితే, లాయరు లేకుండా ప్రశ్నలకు జవాబు చెప్పనని నోటితో స్పష్టంగా చెప్పాలి. 1966 నాటి మిరాండా తీర్పు వల్ల కస్టడీలో ప్రశ్నించే ముందు ఆ హక్కులు వాళ్ళే చదివి వినిపించాలి. విదేశీయులకు అదనంగా ఇంకోటి ఉంది. మన కాన్సులేట్‌కు తెలియజేయమని అడగవచ్చు, వియన్నా ఒప్పందంలోని ఆర్టికల్ 36. వీసా కాగితాల గురించి మాత్రం అబద్ధం చెప్పవద్దు, అది ఇక్కడ విడిగా నేరం.

సీమ_గాలి రాశారు:

మా బావమరిది కొడుకు సంగతి చెప్పాలా వద్దా అని ఆగినా. పోయినేడు బండి దొంగతనం అనుమానం మీద పిల్చుకపోయి, రెండు రాత్రుళ్ళు ఉంచుకుని పంపించేసినారు. అరెస్టు అని రాయలేదు, కేసు లేదు. ఇప్పటికీ ఎవరైనా తలుపు కొడితే ఉలిక్కిపడతాడు. అలాంటప్పుడు ఆ రాత్రి మేము ఏం చేసి ఉండాల్సింది?

పాత_రైటర్ రాశారు:

సీమ_గాలి గారూ, చాలా బాధగా ఉంది. అలా ఉంచుకోవడానికి డిపార్టుమెంటులో ఏ అధికారికీ హక్కు లేదు. అరెస్టు చేస్తే ప్రయాణం సమయం తీసేసి 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. కొందరు ఏం చేస్తారంటే, ముందు రోజు తెచ్చుకుని, మర్నాడు సాయంత్రం అరెస్టు చేసినట్టు రాస్తారు. అందుకే పట్టుకెళ్ళిన టైము మీ దగ్గర రికార్డు అయి ఉండాలి. ఆ క్షణానే 112కు ఫోన్ చేసి “ఫలానా స్టేషన్ వాళ్ళు మా అబ్బాయిని తీసుకెళ్ళారు” అని చెప్పండి. ఆ కాల్ టైముతో సహా రికార్డు అవుతుంది. ఎస్పీకి ఈమెయిల్, టైము వేసి. ఎవరూ చదవరులే అనుకోకండి, తర్వాత కోర్టు చదువుతుంది.

వకీల్_హనుమకొండ రాశారు:

దానికి తోడు ఆ రాత్రే చేయగలిగినవి ఉన్నాయి. అక్రమంగా బంధించి ఉంచారని సెక్షన్ 100 కింద స్థానిక మేజిస్ట్రేట్ దగ్గర సెర్చ్ వారెంట్ కోరవచ్చు. మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని హైకోర్టులో హెబియస్ కార్పస్ వేయవచ్చు.

అరెస్టు అని వాళ్ళే చెబితే, 1996 నాటి డి.కె. బసు తీర్పు నుంచి వచ్చినవి ఇప్పుడు చట్టంలోనే ఉన్నాయి. అరెస్టు చేసే అధికారి పేరు కనపడాలి. అరెస్టు మెమోలో తేదీ, టైము ఉండాలి, కుటుంబసభ్యుడో ఊరి మనిషో సాక్షి సంతకం చేయాలి. ఇంట్లో వాళ్ళకు తెలియజేయాలి. విచారణ సమయంలో తనకు నచ్చిన లాయరును కలవనివ్వాలి, విచారణ మొత్తం పక్కన కూర్చోనివ్వకపోవచ్చు. అరెస్టుకు కారణాలు అతనికి అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా ఇవ్వాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు అన్ని నేరాలకూ వర్తింపజేసింది. తెలుగు మాత్రమే వచ్చిన మనిషికి ఇంగ్లీషు కాగితం ఇస్తే సరిపోదన్నమాట.

మేజిస్ట్రేట్ ముందు పెట్టినప్పుడు “కొట్టారా?” అని అడుగుతారు. ఒక్కోసారి రాత్రిపూట మేజిస్ట్రేట్ గారి ఇంటి దగ్గరే పెడతారు, పక్కనే పోలీసులుంటారు, భయం వేస్తుంది. కొట్టి ఉంటే అప్పుడే చెప్పాలి, దెబ్బలు చూపించాలి. వైద్య పరీక్ష కోరాలి. అక్కడ “లేదు” అని చెప్పి తర్వాత చెబితే నమ్మించడం చాలా కష్టం.

సిరిమల్లె రాశారు:

ఇంకొకటి, వీడియో కాల్‌లో పోలీసు డ్రెస్సులో కనపడి “మీ పేరు మీద పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయి, కెమెరా ముందు నుంచి కదలొద్దు” అంటున్నారు కదా. మా ఆఫీసులో ఒకావిడ డబ్బు పంపేదాకా వెళ్ళింది.

పాత_రైటర్ రాశారు:

అమ్మా, డిజిటల్ అరెస్టు అనేది మన చట్టంలో లేనే లేదు. ఏ పోలీసూ వీడియో కాల్‌లో అరెస్టు చేయడు, డబ్బు అకౌంటులో వేయమనడు. కాల్ కట్ చేసి వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి. డబ్బు వెళ్ళిపోయి ఉంటే ఎంత తొందరగా చెబితే అంత మంచిది, బ్యాంకులో ఆపించే వీలుంటుంది.

మున్నేటి_ఒడ్డు రాశారు:

వకీల్ గారూ, మా ఊరి వాట్సాప్ గ్రూపులో చాలామంది అడుగుతున్నారు. నోటీసు ఇవ్వకుండా పదేపదే ఫోన్లు చేస్తుంటే ఇవ్వడానికి ఒక లెటర్ తెలుగులో రాసిపెడతారా?

వకీల్_హనుమకొండ రాశారు:

ఇదిగో, ఖాళీలు నింపుకోండి.

“స్టేషన్ హౌస్ ఆఫీసర్ గారికి. అయ్యా, తేదీ ____ నాడు ____ గంటలకు ____ నంబరు నుంచి నాకు ఫోన్ చేసి తమ స్టేషన్‌కు రమ్మని చెప్పారు. దర్యాప్తుకు పూర్తిగా సహకరించడానికి నేను సిద్ధంగా ఉన్నాను. ఏ కేసులో, ఏ హోదాలో నా హాజరు అవసరమో తెలుపుతూ బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 179 లేదా 35(3) కింద రాతపూర్వక నోటీసు ఇప్పించవలసిందిగా కోరుతున్నాను. నోటీసులోని తేదీకి తప్పక హాజరవుతాను. నేను ఈ చిరునామాలోనే ఉంటున్నాను: ____. నా ఫోన్ నంబరు: ____.”

మహిళలైతే, 60 దాటినవాళ్ళైతే “సెక్షన్ 179 ప్రకారం నా నివాసంలోనే విచారించవలసిందిగా కోరుతున్నాను” అని కలపండి. రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద స్టేషన్ ముద్ర వేయించుకోండి. తీసుకోకపోతే రిజిస్టర్ పోస్టులో పంపి, రసీదు దాచుకోండి. ఎస్పీకో, కమిషనర్‌కో ఒక కాపీ పంపండి.

స్టేషన్‌లో ఏదైనా జరగరానిది జరిగితే సీసీటీవీ ఫుటేజీని భద్రపరచమని కూడా ఇలాగే వెంటనే రాసి ఇవ్వండి. 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లో గేట్లు, లాకప్‌లు, వరండాలు, ఎస్సై గది అన్నిచోట్లా కెమెరాలు ఉండాలని, రికార్డింగ్‌ను 18 నెలలు, అది కుదరకపోతే కనీసం ఏడాది ఉంచాలని చెప్పింది. సీమ_గాలి గారూ, మీ పిల్లవాడి సంగతికి ఇంకా ఏడాది దాటలేదంటే ఆ ఫుటేజీ కోసం ఇప్పుడే అర్జీ పెట్టవచ్చు. తేదీలు నాకు విడిగా మెసేజ్ చేయండి, నేనే రాసిస్తాను.